బీ-17 ఎక్కేముందు: బాంబర్ సిమ్యులేటర్ ఆటలో జాగ్రత్తలు

ఫైటర్ విమానాల ఆటల్లో చెయ్యి తిరిగినవాళ్లే బాంబర్ ఆటలో ముందు కూలిపోతుంటారు. తూటా తగలగానే పక్కకు తిప్పేయడం వాళ్లకు అలవాటు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాడిన నాలుగు ఇంజిన్ల బాంబర్ బీ-17 అలా తప్పించుకునే విమానం కాదు. పక్కనున్న విమానాల తుపాకులే దానికి కాపలా. గుంపు విడిచి ఒంటరిగా దొరికినదాని మీదే జర్మన్ ఫైటర్లు ముందు పడతాయి. కాబట్టి దెబ్బ తగిలినా ఫార్మేషన్ (గుంపులో మీ చోటు) వదలొద్దు.

మిషన్ ఎంచుకునేటప్పుడు తేదీ చూడండి. 1943 అక్టోబర్ 14న ష్వైన్‌ఫుర్ట్ దాడికి వెళ్లిన బీ-17లకు కాపలాగా వచ్చిన ఫైటర్లు ఇంధనం చాలక జర్మనీ సరిహద్దు దగ్గరే వెనుదిరిగాయి. ఆ రోజు 60 బాంబర్లు తిరిగి రాలేదు. దూరం వెళ్లగల మస్టాంగ్ ఫైటర్లు ఎస్కార్ట్‌గా రావడం అదే ఏడాది డిసెంబర్‌లో మొదలైంది. అంతకుముందు తేదీలైతే కొత్తవాళ్లకు ఫ్రాన్స్ తీరంలోని లక్ష్యాలు చాలు.

పదివేల అడుగులు దాటకముందే అందరికీ ఆక్సిజన్ పెట్టించండి. పైకెళ్లాక ఇంటర్‌కమ్‌లో ఒక్కొక్కరినీ పలకరిస్తూ ఉండాలి. నేనొకసారి ఆట వేగం పెంచి కుర్చీలోంచి లేచి వెళ్లాను. వచ్చేసరికి బాల్ టరెట్ (విమానం పొట్ట కింది గుండ్రటి తుపాకీ గూడు) గన్నర్ పలకలేదు. ఆక్సిజన్ పైపు ఎప్పుడు తెగిందో కూడా తెలియలేదు. శత్రువుల గగనతలంలో ఆట వేగం మామూలుగానే ఉంచండి.

గన్నర్ సీట్లోకి మీరే దూకాలనిపిస్తుంది. సరదాకి పర్లేదు కానీ, ఆ కాసేపూ పైలట్ సీటు గాలికి వదిలేసినట్టే.

అసలు టెన్షన్ బాంబ్ రన్‌లో, అంటే బాంబులు వేయడానికి లక్ష్యం మీదికి వెళ్లే ఆఖరి దారిలో. బాంబులకు గురి చూసే యంత్రం నార్డెన్ బాంబ్‌సైట్ లెక్క సరిపోవాలంటే ఎత్తు, వేగం, దిశ మారకూడదు. చుట్టూ ఫ్లాక్ (నేల మీది తుపాకులు పేల్చే గుళ్లు) పేలుతున్నా తిన్నగా పోవాల్సిందే. బాంబ్ బే తలుపులు తెరవగానే గాలి అడ్డుపడి వేగం తగ్గుతుంది. అందుకని వాటిని కాస్త ముందే తెరిచి, థ్రాటిల్ (ఇంజిన్ల జోరు) పెంచి, వేగం కుదుటపడ్డాకే గురి చూడండి. ఆఖరి నిమిషంలో తెరిస్తే బాంబులు పొలాల్లో పడతాయి.

ఇంజిన్ దెబ్బతింటే ఆయిల్ ప్రెషర్ ముల్లు మీదే కన్నుంచండి. ప్రొపెల్లర్ రెక్కలను గాలికి అంచుగా తిప్పేయడాన్ని ఫెదరింగ్ అంటారు. దానికి కావాల్సిన ఒత్తిడి కూడా ఆ ఇంజిన్ ఆయిల్‌దే. ‘ఇంకాసేపు నడుస్తుందిలే’ అని ఆగితే ఆయిల్ మొత్తం కారిపోయి రెక్కలు తిరగనే తిరగవు. అప్పుడు ఆ ప్రొపెల్లర్ గాలికి దానంతటదే గిర్రున తిరుగుతూ విమానాన్ని వెనక్కి లాగుతుంది, వణికిస్తుంది. ముల్లు పడిపోతోందంటే ఆ ఇంజిన్ మీద ఆశ వదులుకోండి. బాంబులు వేసేశాక బరువు తగ్గుతుంది కాబట్టి మూడు ఇంజిన్లతో ఇంగ్లండ్ చేరొచ్చు.

ఇంగ్లిష్ ఛానెల్ దాటగానే ఊపిరి పీల్చుకోకండి. దిగేముందు చక్రాలు నిజంగా కిందికొచ్చాయో లేదో చూసుకోండి. కరెంట్ వైర్లు తెగితే అవి వాటంతట అవి దిగవు. ఆటలో ఆ ఏర్పాటు ఉంటే చేత్తో తిప్పి దించాలి. అందుకు టైమ్ పడుతుంది, రన్‌వే కనబడేదాకా ఆగొద్దు.