అయినవాళ్ల చితాభస్మంతో జ్ఞాపకంగా మొక్క పెంచడం ఎలా?

చితాభస్మం వేసి నాటిన మొక్క నెల తిరక్కుండానే మాడిపోతే ఆ ఇంట్లో దుఃఖం మళ్లీ మొదటికొస్తుంది. బూడిద మంచి ఎరువే కదా అని ఉన్నదంతా గుంటలో పోసేయడం వల్లే ఎక్కువగా ఇలా జరుగుతుంది. చితాభస్మానికి క్షార గుణం చాలా ఎక్కువ, ఉదజని సూచిక (pH) 11 దాకా ఉంటుంది. పైగా అందులో సోడియం లవణాలు ఉంటాయి. లేత వేళ్లకు అది నేరుగా తగిలితే నీళ్లు పీల్చుకోలేవు. ఎముకల్లోని భాస్వరం కాల్షియంతో గట్టిగా కలిసి ఉంటుంది కాబట్టి మొక్కకు తొందరగా అందదు. భస్మం మన మనసు కోసం వేసేదే తప్ప మొక్క ఆకలి తీర్చేది కాదు. అందుకే ఒక పిడికెడు చాలు.

ముందు ఇంట్లో మాట్లాడుకోండి

సంచయనం రోజునే పెద్దవాళ్లతో, పురోహితుడితో చెప్పి ఆ పిడికెడు వేరే ముంతలో తీసి ఉంచండి. మిగతాది గోదావరిలోనో కృష్ణలోనో కలపవచ్చు. నెహ్రూ 1954లో రాసిన వీలునామాలో పిడికెడు భస్మం గంగలో కలిపి, ఎక్కువ భాగం రైతులు కష్టపడే పొలాల మీద విమానంలోంచి చల్లమని కోరారు. మనం చేసేది దానికి తిరగేసిన పద్ధతి. భస్మాన్ని జల్లించి బొగ్గులు, మేకులు, శస్త్రచికిత్సలో వేసిన లోహపు ముక్కలు ఉంటే తీసేయండి.

చోటు, మొక్క

అద్దె ఇంటి పెరడు, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పోయే జాగా వద్దు. సొంత పొలం గట్టు మేలు. నల్లరేగడిలో చాలాచోట్ల క్షారం ముందే ఎక్కువగా ఉంటుంది, అక్కడ భస్మం ఇంకా తగ్గించండి.

వేప, కానుగ, ఉసిరి క్షారాన్ని బాగా తట్టుకుంటాయి. నా ఓటు ఉసిరికే: కార్తీకంలో ఇంటిల్లిపాదీ దాని కింద కూర్చోవచ్చు. గులాబీ, నూరువరహాలు మాత్రం వద్దు. పోయినవాళ్లకు అవే ఇష్టమైతే భస్మం కలపకుండా పక్కన వేరే కుండీలో పెంచండి.

మట్టి మిశ్రమం

పిడికెడు భస్మానికి ఒక బక్కెట్ బాగా మాగిన పశువుల ఎరువు, ఒక బక్కెట్ ఎర్రమట్టి, రెండు చెంచాల గంధకం పొడి కలపండి. నీడలో కుప్ప పోసి, గోనెసంచి కప్పి, తడి ఆరకుండా రెండు నెలలు ఉంచండి. గంధకం క్షారాన్ని తగ్గించడానికి ఆ సమయం పడుతుంది. తర్వాత కొంత మట్టి భూసార పరీక్షకు ఇవ్వండి. ఉదజని సూచిక 8 లోపు ఉంటే వాడుకోవచ్చు, లేకపోతే ఇంకో బక్కెట్ ఎరువు కలిపి మరికొన్ని వారాలు ఆగండి.

నాటడం

తొలకరి తర్వాత నాటండి. సంవత్సరీకం ఎండాకాలంలో వస్తే ఆ రోజు పూజ చేసుకుని, మొక్కను వానలు పడ్డాకే నాటండి. రెండడుగుల లోతు, వెడల్పు ఉన్న గుంట తీయండి. మొక్క చుట్టూ జానెడు మేర మామూలు మట్టి, ఎరువే ఉండాలి. భస్మం కలిపిన మట్టిని దాని బయట, గుంట అంచు వెంబడి వలయంలా పోయండి. వేళ్లు కాస్త ముదిరాక వాటంతట అవే అక్కడికి చేరతాయి. ఊతకర్ర కట్టి, మేకలు రాకుండా ముళ్లకంప వేయండి.

అదే మిశ్రమంలో కొంత తీసి రెండో మొక్క కూడా నాటండి. ఒకటి దెబ్బతిన్నా ఇంకొకటి నిలుస్తుంది.

తర్వాతి సంరక్షణ

మొదటి రెండు వేసవులూ పాదులో ఎండుటాకులు పరిచి, వారానికి రెండుసార్లు నిండుగా నీళ్లు పెట్టండి. ఈనెలు పచ్చగా ఉండి లేత ఆకులు పసుపుబారితే అది ఇనుప ధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా చల్లి, వారం తర్వాత మళ్లీ చల్లండి.