బోరునీటి కాఠిన్యం కొలిచేటప్పుడు ఐదు నిమిషాల గడువు

తిరుపతి, చిత్తూరు పరిసరాల్లోని రాతినేలల బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు తరచుగా ఎక్కువగానే ఉంటాయి కనుక, ఇక్కడి కళాశాల ప్రయోగశాలల్లో ఈడీటీఏ (కాల్షియం, మెగ్నీషియంలను పట్టి బంధించే రసాయనం) పద్ధతితో నీటి కాఠిన్యాన్ని కొలిచే విద్యార్థులు ఒక విషయాన్ని మరువకూడదని నా మనవి. పీహెచ్‌ను 10 దగ్గర నిలపడానికి అమోనియా బఫరు కలిపిన క్షణం నుంచే నీటిలోని కాల్షియం కార్బొనేటుగా అవక్షేపించే అవకాశం మొదలవుతుంది. అలా విడిపోయిన కాల్షియం ఈడీటీఏతో వెంటనే చర్య జరపదు కాబట్టి, సూచిక (రంగుమార్పుతో ముగింపును చూపే రసాయనం) ఎరుపు నుంచి నీలానికి మారిందని, ఈడీటీఏను చుక్కలుగా వదిలే కొలతల గొట్టం బ్యూరెట్‌ను ఆపిన కాసేపటికే ద్రావణం మళ్లీ ఎర్రబారవచ్చు, అది గమనించకపోతే విలువ తక్కువగా నమోదవుతుంది. అందుచేత బఫరు వేశాక అంశమాపనాన్ని, అంటే ఈడీటీఏను కొలుస్తూ కలిపే ఈ పనిని, ఐదు నిమిషాల్లోపు ముగించాలి.

50 మి.లీ. నమూనాకు 0.01 మోలార్ ఈడీటీఏ 15 మి.లీ. దాటుతుంటే, నమూనాను 25 మి.లీ. మాత్రమే తీసుకుని, స్వేదనజలంతో 50 మి.లీ. చేసి మళ్లీ మొదలుపెట్టండి. అప్పుడు బ్యూరెట్ రీడింగును 20తో కాక 40తో గుణిస్తే, కాల్షియం కార్బొనేటు లెక్కన లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో తెలుస్తుంది. వచ్చిన విలువను తాగునీటి భారతీయ ప్రమాణం 10500తో పోల్చవచ్చు: ఆమోదయోగ్యమైన హద్దు 200, వేరే నీటివనరు లేనప్పుడు 600.

ఇక్కడ సూచికగా వాడే ఎరియోక్రోమ్ బ్లాక్ టి ద్రావణం త్వరగా పాడవుతుంది; రంగుమార్పు మసకగా కనిపిస్తే చాలాసార్లు లోపం పాత సీసాలోనే ఉంటుంది, మీ చేతిలో కాదు. అర గ్రాము సూచికను 100 గ్రాముల సోడియం క్లోరైడుతో నూరి పొడిగా ఉంచుకుంటే ఎక్కువకాలం నిలుస్తుంది. పసుపు బల్బు వెలుగులో నీలం కూడా ఎర్రఛాయతో కనిపిస్తుంది కనుక, చివరి చుక్కలను కిటికీ పక్కన పగటి వెలుతురులోనే వేయండి.