సింహరాజ అడవిలో స్థానిక గైడ్‌తో ఒక రోజు: పక్షులు చూడాలనుకునే వారికి

శ్రీలంకకు వెళ్లే మనవారిలో ఎక్కువమంది కొలంబో, క్యాండీ, నువర ఎలియ చూసి తిరిగి వస్తారు. పక్షులంటే ఇష్టమున్నవారు ఆ ప్రయాణంలో ఒక్క రోజును సింహరాజకు కేటాయించాలని నా మనవి. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన ఈ వర్షారణ్యంలో, ఆ దీవిలో తప్ప మరెక్కడా లేని పక్షుల్లో చాలావాటిని ఒకే చోట వెతకవచ్చు. జనవరి నుంచి మార్చి వరకు వానలు కొంత తక్కువగా ఉంటాయి.

గైడ్‌ను ముందుగానే కుదుర్చుకోండి. అడవిలోకి ప్రవేశించే కుడావ ద్వారం దగ్గర గైడ్ లేనిదే లోపలికి వెళ్లనివ్వరు కానీ, అక్కడ దొరికే ప్రతివారికీ పక్షులు తెలిసి ఉండాలని లేదు. అందుకే బస ఖరారు చేసుకునేటప్పుడే, కూతను బట్టి పక్షిని గుర్తించగల మనిషి కావాలని స్పష్టంగా చెప్పి, రుసుము, వాహనం ఖర్చు, తిరిగే సమయం మాట్లాడుకోండి. మీరు ఇంతకుముందు చూసిన పక్షులేవో, ఎంత దూరం నడవగలరో కూడా చెబితే ఆయన రోజును దానికి తగ్గట్టు మలుస్తారు. ముందు రాత్రి కుడావ పరిసరాల్లోనే బస చేయడం మంచిది, ఎందుకంటే తెల్లవారకముందే బయలుదేరాలి.

ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే, 42 మిల్లీమీటర్ల కటకమున్న బైనాక్యులర్ ఈ చీకటి అడవికి సరిపోతుంది. ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు వేసుకోండి. జలగలు తప్పవు కనుక, మోకాలి దాకా వచ్చే దళసరి జలగ మేజోళ్లు తొడుక్కోండి. పట్టిన జలగను కాల్చకుండా, ఉప్పు చల్లకుండా, దాని నోటి దగ్గర గోరు పోనిచ్చి పక్కకు జరిపితే ఊడి వస్తుంది.

కుడావ నుంచి లోపలికి వెళ్లే వెడల్పాటి బాట 1970ల్లో ప్లైవుడ్ కోసం చెట్లు నరికినప్పుడు వేసినది. ఆ నరికివేత ప్రజల నిరసనతో ఆగిపోయింది; మిగిలిన ఆ దారి మీదే ఇప్పుడు మనం పక్షుల కోసం నిలబడతాం. ఇక్కడి అసలు విశేషం మిశ్రమ గుంపులు. నారింజ ముక్కు బ్యాబ్లర్లు అనే పిట్టలు గలగలమంటూ ముందు కదులుతాయి, తలపై జుట్టున్న పసులపోలిగాడు ప్రమాదం కనిపిస్తే హెచ్చరిస్తుంది, వాటి వెంట పది పన్నెండు జాతుల పక్షులు పురుగుల వేటలో సాగుతాయి. అరగంట నిశ్శబ్దం తరువాత ఒక్కసారిగా ఇన్ని పక్షులు మీదుగా దాటిపోతుంటే కళ్లు ఎటు తిప్పాలో తోచదు. అప్పుడు మీ సొంత వెతుకులాట మాని గైడ్ మాట వినండి. చెట్టును గడియారంలా ఊహించుకొని ‘పది గంటల వైపు’ అంటే ఎడమ పక్కన కాస్త పైకి అని ముందే ఒప్పందం చేసుకుంటే, ఎర్రముఖం మల్కోహా కొమ్మల్లోకి జారుకునేలోపు దొరుకుతుంది. మల్కోహా అన్నది సింహళ మాటే. మల్ అంటే పువ్వు, కోహా అంటే కోకిల. ఇలాంటి స్థానిక పేర్లు అడిగి రాసుకోండి. కాకి కుటుంబానికి చెందిన నీలి మాగ్‌పైని అక్కడివారు కెహిబెల్లా అంటారు.

మధ్యాహ్నం అడవి సద్దుమణుగుతుంది. ఆ వేళ గైడ్లు పగలు నిద్రించే పక్షుల దగ్గరకు తీసుకెళ్తారు. ఎండుటాకుల్లో కలిసిపోయి కూర్చునే కప్పనోటి పక్షిని చూపించేది వారి ఏళ్ల పరిచయమే. సెరెండిబ్ స్కాప్స్ గుడ్లగూబ సంగతి మరీ ప్రత్యేకం. 1995లో దాని కూత మొదట విన్న శ్రీలంక పక్షి శాస్త్రవేత్త దీపాల్ వరకగొడ 2001లో దాన్ని కళ్లారా చూశారు, 2004లో శాస్త్రీయంగా వర్ణించారు. 1868 తరువాత శ్రీలంకలో కనుగొన్న తొలి కొత్త పక్షి జాతి అదే. అంత అరుదైన పక్షి కోసం ఫోన్లో రికార్డు చేసిన కూతను పదేపదే వినిపించమని గైడ్‌ను ఒత్తిడి చేయకండి. ఆ కూతను పోటీ పక్షిదని భావించి అది ఆహారం, విశ్రాంతి మాని వెతుక్కుంటుంది. ఫ్లాష్ వాడకండి, గూళ్ల దగ్గరకు వెళ్లకండి. కనిపించలేదంటే కనిపించలేదు, గైడ్ ‘ఇక వెళ్దాం’ అంటే ఆయన మాటకు విలువివ్వండి.

సాయంత్రం టీ తాగుతూ ఆయనతో కూర్చుని చూసినవీ విన్నవీ విడివిడిగా రాసుకోండి. ఏది చూశాం, ఏది వినడంతో సరిపెట్టుకున్నాం అన్నది మరునాటికే కలగాపులగమవుతుంది. సేవ నచ్చితే ఒప్పుకున్న రుసుముపై బహుమానం నేరుగా ఆయన చేతికే ఇవ్వండి. చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో జాబితా పెట్టేటప్పుడు, జనం వెతుక్కుంటూ వెళ్లి పక్షిని బెదరగొట్టకుండా, గుడ్లగూబ కూర్చున్న చెట్టు ఏదో, అది ఏ మలుపు దగ్గరుందో రాయకండి. ఫోటోలు పంచుకునే ముందు ఫోన్ నమోదు చేసిన స్థలం వివరాలను తొలగించండి.