మహానవల నుంచి మినీ సిరీస్ దాకా – 4వ పాఠం: ఏ రాత్రి ఎక్కడ ఆపాలి?

పోయిన పాఠం చివర మీకొక పని ఇచ్చాను. టీవీ మినీ సిరీస్‌గా మార్చడానికి ఎంచుకున్న నవలలో ఒక్కో సంఘటనకు ఒక్కో కార్డు రాసి నేలమీద పరవమన్నాను. చేసినవాళ్ల అవస్థ నేను ఊహించగలను. కార్డులు రెండొందలు దాటి ఉంటాయి, గదిలో అడుగు పెట్టడానికి చోటుండదు, ఏ కార్డు తీద్దామన్నా చెయ్యి రాదు. మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేను సరాసరి కోతతోనే మొదలుపెట్టాను. ఇది అక్కర్లేదు, అది అక్కర్లేదు అనుకుంటూ వారం రోజులు కార్డులు తీసి పక్కన పడేశాను. చివరికి మిగిలింది కథ కాదు, విషయసూచిక. మళ్లీ అన్నీ పరిచి మొదటికి రావాల్సి వచ్చింది.

అందుకే ఈ పాఠంలో ఒక్క కార్డు కూడా తీయొద్దు. ముందు ఎక్కడెక్కడ ఆపాలో తేల్చుకుందాం. నవల చదివే మనిషి తనకి నిద్రొచ్చిన చోట పుస్తకం మూస్తాడు. సిరీస్ చూసే మనిషి మనం ఆపిన చోట ఆగుతాడు. నవల రాసినవాడికి లేని ఈ అధికారం మీకుంది. దాన్ని ఎలా వాడతారన్న దాన్ని బట్టే ఏది ఉంచాలో, ఏది పోవాలో తేలుతుంది.

ఉదాహరణకు స్టీవెన్ కింగ్ ‘ది స్టాండ్’ తీసుకుందాం. సైన్యం ప్రయోగశాల నుంచి బయటపడ్డ ఫ్లూ అమెరికాలో నూటికి 99 మందికి పైగా జనాన్ని తుడిచిపెడుతుంది. మిగిలినవాళ్లకి కలలొస్తాయి. కొందరు ఆ కలలు పిలిచిన దారిన మదర్ అబగెయిల్ అనే వృద్ధురాలి వైపు నడిచి కొలరాడోలోని బౌల్డర్‌లో స్థిరపడతారు. కొందరు రాండల్ ఫ్లాగ్ అనే నల్లమనసు మనిషిని వెతుక్కుంటూ లాస్ వేగాస్ చేరతారు. నవల 1978లో వచ్చింది. అప్పుడు దాదాపు 400 పేజీలు కత్తిరించి అచ్చువేశారు. ఆ పేజీల్లో చాలా భాగం కలుపుకొని 1990లో వచ్చిన పూర్తి కూర్పు 1150 పేజీల పైమాట. దీన్ని ఒక్క సినిమాగా తీయాలని చాలా ఏళ్లు ప్రయత్నించారు, కుదరలేదు. చివరికి 1994 మేలో అమెరికాలోని ఏబీసీ ఛానల్లో నాలుగు భాగాల మినీ సిరీస్‌గా వచ్చింది. దర్శకుడు మిక్ గారిస్, స్క్రీన్‌ప్లే కింగ్‌దే.

ఒక చిన్న లెక్క వేద్దాం. రాత్రికి రెండు గంటల చొప్పున నాలుగు రాత్రులు, అంటే ఎనిమిది గంటలు. ప్రకటనలు పోగా కథకు మిగిలేది సుమారు ఆరు గంటలు, 360 నిమిషాలు. 1150 పేజీల్ని 360తో భాగిస్తే నిమిషానికి మూడు పేజీల పైచిలుకు. స్క్రిప్టులో పేజీ అంటే తెర మీద దాదాపు ఒక నిమిషం అనేది వాడుకలో ఉన్న లెక్క. నవల మూడు పేజీలు, స్క్రిప్టు ఒక పేజీ. వినడానికి పెద్ద కష్టం కాదనిపిస్తుంది కదా? ఈ సగటును నమ్మితే దెబ్బతింటారు. ఒక పాత్ర నాలుగు పేజీలు కూర్చుని ఆలోచిస్తే తెర మీద అది ఒక్క చూపుతో అయిపోవచ్చు. ‘ఊరంతా ఖాళీ అయింది’ అని నవల ఒక్క ముక్కలో అనేస్తే, మీకు మాత్రం అది మూడు నిమిషాల సీను, రోడ్డు నిండా కార్లు, రెండు రోజుల షూటింగు.

ఇక రాత్రుల సంగతి. 1994 సిరీస్‌లో నాలుగు భాగాలకూ పేర్లున్నాయి. తెలుగులో చెప్పుకుంటే మహమ్మారి, కలలు, ద్రోహం, నాలుగోది నవల పేరే. ఈ పేర్లు చూసి చాలా నేర్చుకోవచ్చు. ఏ రాత్రి పని ఆ రాత్రిదే. మొదటి రాత్రి ప్రపంచం చావాలి. రెండో రాత్రి మిగిలినవాళ్లు ఎటు నడవాలో తేలాలి. మూడో రాత్రి తమలోనే ఒకడు తమను ముంచాలి. మీ కార్డులను ఏ రాత్రిలో వెయ్యాలో అడిగినప్పుడు ‘ఇది రెంటికీ పనికొస్తుంది’ అనే కార్డు తగిలితే జాగ్రత్త, అది ఎక్కువగా దేనికీ పనికిరాని కార్డే అవుతుంది.

ఇంకోటి: ఆ నాలుగు భాగాలు మే 8, 9, 11, 12 తేదీల్లో, అంటే అయిదు రోజుల్లో అయిపోయాయి. ఆదివారం రాత్రి అర నిమిషం కనిపించిన మొహం గురువారం రాత్రి మళ్లీ కనిపిస్తే ప్రేక్షకుడు గుర్తుపడతాడు. అదే నవలను 2020లో సీబీఎస్ ఆల్ యాక్సెస్ అనే స్ట్రీమింగ్ సంస్థ మళ్లీ తీసినప్పుడు తొమ్మిది ఎపిసోడ్లు, వారానికొకటి. డిసెంబర్ 17న మొదలై ఫిబ్రవరి 11న ముగిసింది. రెండు నెలలు. అంత ఎడంలో చిన్న పాత్రలు జ్ఞాపకం నుంచి జారిపోతాయి. మీ సిరీస్ రోజూ వస్తుందా, వారానికొకసారా, అన్నీ ఒకేసారి వదిలేస్తారా అన్నది తేలకుండా పాత్రల సంఖ్య తేల్చకండి. ఇది నిర్మాత చూసుకునే విషయం అనుకుంటారు చాలామంది. కాదు, రచయితదే.

ఇప్పుడు ఈ పాఠంలో నాకు బాగా ఇష్టమైన భాగం. ఈ ఒక్క కథకే నాలుగు ఆరంభాలున్నాయి.

1978 పుస్తకం టెక్సస్‌లో ఒక పెట్రోలు బంకు దగ్గర మొదలవుతుంది. కొందరు కూర్చుని కబుర్లాడుతుంటే ఒక కారు తూలుతూ వచ్చి పంపుల్ని గుద్దుతుంది. లోపలున్నది ఎవరు, ఎక్కడి నుంచి వస్తున్నారు, ఏం జరిగింది? ఏమీ తెలియదు. 1990 కూర్పు ఒక అడుగు వెనక్కి వెళ్తుంది. ఆ కారు నడిపినవాడు అర్ధరాత్రి భార్యను నిద్రలేపి, బిడ్డను తీసుకుని బయల్దేరదాం పద అంటాడు. ప్రమాదం ఉందని మనకు తెలుసు, ఎంతో తెలియదు. 1994 సిరీస్‌లో మనం స్థావరం లోపలికే వెళ్తాం. కాపలావాడు, అంటే ఆ కారు నడిపినవాడే, పారిపోయాక ప్రయోగశాలలో ఎక్కడివాళ్లక్కడ చచ్చిపడి ఉన్న శవాల మీదుగా కెమెరా నిదానంగా కదులుతుంది, వెనక 1976 నాటి ఒక రాక్ పాట. ఇక దాపరికం లేదు, చావు ఎలా ఉంటుందో చూపించేశారు. 2020 సిరీస్ ఏకంగా అయిదు నెలలు ముందుకు దూకుతుంది. ప్రపంచం చచ్చిపోయింది, బౌల్డర్‌లో శవాలు ఎత్తే బృందంలో హెరాల్డ్ అనే కుర్రాడు పనిచేస్తున్నాడు. మహమ్మారి మనకు తునకలుగా, గతంగా వస్తుంది.

ఒక్కో ఆరంభానికీ లాభం ఉంది, ఖరీదూ ఉంది. బంకు దగ్గర మొదలుపెడితే ప్రేక్షకుడు అక్కడున్నవాళ్లతో పాటే చీకట్లో ఉంటాడు, మీరు నెమ్మదిగా వెలుగు వెయ్యొచ్చు. కానీ టీవీలో మొదటి అయిదు నిమిషాల్లో ఛానల్ మార్చేసేవాడు ఆ వెలుగు దాకా ఉండడు. శవాలతో మొదలుపెడితే వాడు కదలడు, కానీ బంకు సీను వచ్చేసరికి ఆ మనుషులకంటే వాడికే ఎక్కువ తెలుసు. టెన్షన్ అలాగే ఉంటుంది, రకం మారుతుంది. ‘ఏమిటిది?’ పోయి ‘అయ్యో, ముట్టుకోకండి’ వస్తుంది. హెరాల్డ్‌తో మొదలుపెట్టడం తెలివైన పనే, ఎందుకంటే మూడో రాత్రి ద్రోహం చేసేది వాడు, వాడి మనసులోని కుళ్లు మొదటి నుంచే నాటొచ్చు. కానీ ప్రపంచం కూలిపోవడం అనే పెద్ద ఇంజన్‌ను చేతులారా ఫ్లాష్‌బ్యాక్‌గా మార్చుకున్నారు. నన్నడిగితే ఆ బేరంలో నష్టమే ఎక్కువ. మీరు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే ఎందుకో రాసి పెట్టుకోండి, ఆ కాగితం మీ సిరీస్‌కు పనికొస్తుంది.

పాత్రల్ని కలిపెయ్యడం గురించి క్లుప్తంగా. నవలలో లారీ అనే గాయకుడు న్యూయార్క్ నుంచి రీటా అనే మధ్యవయసు ధనవంతురాలితో బయల్దేరతాడు. దారిలో ఆమె మాత్రలు మింగి చనిపోతుంది. ఆ తర్వాతే అతనికి నాడీన్ తారసపడుతుంది. 1994లో రీటాను తీసేసి, ఆమె చోట న్యూయార్క్‌లోనే నాడీన్‌ని పెట్టారు. దాంతో ఫ్లాగ్ వైపు జారిపోయే ముఖ్యపాత్ర మొదటి నుంచీ కళ్లముందుంటుంది, ఒక నటి తగ్గింది. అయితే ‘నాతో వచ్చిన మనిషిని నేను కాపాడుకోలేకపోయాను’ అని లారీ మోసిన బరువు కూడా రీటాతో పాటే పోయింది. రెండు పాత్రలు ఒకేలా ఉన్నాయని కలపొద్దు. తీసేస్తున్న పాత్ర ఇంకో పాత్ర మీద ఏ బరువు పెట్టిందో చూడండి. ఆ బరువును ఎవరైనా మొయ్యగలిగితేనే కలపండి.

ఇక చేతితో చేసే పని. నవలలో ఒక అధ్యాయం ఉంది. హైవే మీద పోలీసొకడు వేగంగా పోతున్న ఇన్సూరెన్స్ ఏజెంటును ఆపి జరిమానా రాస్తాడు, పనిలో పనిగా జబ్బూ అంటిస్తాడు. అతని నుంచి ఇంకొకరికి, వాళ్ల నుంచి ఇంకో పదిమందికి. అంతా కథకుడి గొంతు, అదీ చావు గురించి చిలిపిగా మాట్లాడే గొంతు. దాన్ని తెర మీదికి ఎలా తేవాలి? అందరికీ మొదట తట్టేది వాయిస్ ఓవర్, అంటే తెర వెనక నుంచి కథకుడి గొంతు వినిపించడం. తట్టగానే పక్కన పెట్టండి. కథకుడు చెప్పింది ప్రేక్షకుడు కనిపెట్టాలి, అప్పుడే ఒళ్లు జలదరిస్తుంది. కాబట్టి గొంతుకు బదులు ఒక వస్తువును వెతుకుదాం. నేను అభ్యాసం కోసం ఇలా రాసుకున్నాను, ఇది నవలలోదీ కాదు, సిరీస్‌లోదీ కాదు:

సీను 1. హైవే. పగలు.
పోలీసు జరిమానా పుస్తకం కారు కిటికీలోంచి అందిస్తాడు. తుమ్ము ఆపుకుంటూ పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుంటాడు. అదే చేత్తో పెన్ను ఇస్తాడు. డ్రైవరు కాగితం చదువుతూ పెన్ను చివర పెదవికి ఆనిస్తాడు. సంతకం చేస్తాడు.
పోలీసు: నిదానంగా వెళ్లండి. ఇంట్లోవాళ్లు ఎదురుచూస్తుంటారు.

సీను 2. రోడ్డు పక్క హోటలు. మధ్యాహ్నం.
డ్రైవరు జేబులోంచి నోటు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోతాడు. వెయిట్రెస్ వేలు తడిచేసుకుని రోజంతా వచ్చిన నోట్లు లెక్కపెడుతుంది.

సీను 3. వెయిట్రెస్ ఇల్లు. రాత్రి.
పుట్టినరోజు కేకు. చుట్టూ పదిమంది పిల్లలు. ఆమె కూతురు ఊపిరి బిగబట్టి కొవ్వొత్తులన్నీ ఒక్కసారిగా ఊదుతుంది. అందరూ చప్పట్లు. కేకు కోస్తారు.

మొదటి చిత్తులో మూడో సీను చివర కూతురు దగ్గేది. ఆ దగ్గు కొట్టేశాను. కొవ్వొత్తులు ఊదడమే చాలు, దగ్గు పెడితే ప్రేక్షకుడి చెయ్యి పట్టుకుని చూపించినట్టుంటుంది. ఇంకో మాట: మూడు సీన్లలో ఎవరూ చావలేదు, ఎవరికీ జ్వరం కూడా రాలేదు. ఇది నవలలో పేజీలకు పేజీలు, ఇక్కడ రెండు నిమిషాలకు లోపే. మిగిలిన సమయం నా చేతికి తిరిగొచ్చింది, దాన్ని రెండో రాత్రికి దాచుకుంటాను. ఈ సీన్లు మొదటి రాత్రిలో మొదటి ప్రకటనకు ముందు పడాలా, తర్వాతా? నేనైతే కేకు కోస్తుండగా ప్రకటనకు వెళ్తాను. మూడు నిమిషాలు ఏ సబ్బు గురించో విన్నా ఆ పదిమంది పిల్లలు తల్లోంచి పోరు.

ఈ వారం పని. నవల ఎంచుకోనివాళ్లు, హక్కుల గొడవ వద్దనుకునేవాళ్లు మేరీ షెల్లీ 1826లో రాసిన ‘ది లాస్ట్ మ్యాన్’ తీసుకోండి. ప్లేగుతో మానవజాతి అంతమయ్యే మూడు సంపుటాల నవల, ఇప్పుడు ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు. నేలమీద పరిచిన కార్డులు అలాగే ఉంచి, నాలుగు పెద్ద కాగితాల మీద ఒక్కో రాత్రికి ఒక్క మాట చొప్పున రాసి గదికి నాలుగు మూలలా పెట్టండి. ఒక్కో కార్డూ దాని మూలకు చేర్చండి. ఏ మూలకూ పోనివి గది మధ్యలోనే వదిలెయ్యండి, చింపొద్దు. తర్వాత ప్రతి రాత్రికీ చివరి సీను, కేవలం ఆ సీనే, అర పేజీలో రాయండి. సంభాషణ మూడు వాక్యాలు మించకూడదు, ఎవరూ ఏడవకూడదు.

అయిదో పాఠంలో గది మధ్యలో మిగిలిపోయిన కార్డుల దగ్గరికి వద్దాం. ఒక్కోసారి సిరీస్‌లో అన్నిటికంటే మంచి సీను ఆ కుప్పలోనే దొరుకుతుంది.