నిమ్మతో వంట – మూడో పాఠం: దించాక ఒకటి, పొయ్యి మీద ఒకటి

మొదటి పాఠంలో కాయను ఎంచుకోవడం, రెండో పాఠంలో రసం తీయడం నేర్చుకున్నాం. ఈసారి ఆ రసాన్ని వంటలో ఎప్పుడు కలపాలో చూద్దాం. నిమ్మ వంటలు చాలావరకు వేళ తప్పడం వల్లే చెడతాయి. పులుపు తగ్గితే ఇంకో చెక్క పిండుకోవచ్చు, చేదెక్కిన పులిహోరను మాత్రం ఎవరూ బాగుచేయలేరు. అందుకే ఈ పాఠానికి రెండు వంటలు తీసుకున్నాను. ఒకటి రసాన్ని దించాకే కలపవలసిన పులిహోర, రెండోది పొయ్యి మీదే కలపవలసిన కలాకండ్.

గూడూరు, తెనాలి, నకిరేకల్ మార్కెట్ల నుంచి మన ఇళ్లకు వచ్చేది ఎక్కువగా పలుచని తొక్క ఉన్న కాగ్జీ నిమ్మ. దాని పులుపుకు మూలం సిట్రిక్ ఆమ్లం. ఎంత మరిగినా అది ఎక్కడికీ పోదు. వాసన మాత్రం పోతుంది, ఎందుకంటే ఆ వాసననిచ్చే తైలాలు వేడికి ఆవిరైపోతాయి. విటమిన్ సి కూడా కొంత నశిస్తుంది. వీటన్నిటికంటే పెద్ద చిక్కు చేదు. గింజల్లోనూ, తొక్క కింది తెల్లటి పొరలోనూ ఉండే పదార్థం రసంలో కలిశాక మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. చేదు దానిదే. వేడి తగిలితే ఆ మార్పు మరింత వేగంగా జరుగుతుంది. గింజలు వడకట్టమని, చెక్కను మరీ నలిపి పిండవద్దని పోయిన పాఠంలో అంతగా చెప్పింది ఇందుకే.

ఇక పులిహోర. ఒక గ్లాసు సోనామసూరి బియ్యానికి గ్లాసు ముప్పావు నీళ్లు పోసి పలుకు విడేలా వండండి. అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి, చెంచాడు నూనె చల్లి, రెండు రెబ్బల పచ్చి కరివేపాకు ఆ వేడిలోనే కలిపి వదిలేయండి. ఆకు వాసన అన్నానికి పట్టేది ఈ పది నిమిషాల్లోనే.

తాలింపుకు మూడు పెద్ద చెంచాల నువ్వుల నూనె కావాలి. వేరుశనగ గుళ్లు అన్నిటికంటే ముందు వేసి సన్న సెగ మీద వేయించండి. అవి లోపలిదాకా వేగడానికి సమయం పడుతుంది, తొందరపడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. తర్వాత శనగపప్పు, మినప్పప్పు, అవి రంగు మారుతుండగా ఆవాలు, ఎండుమిర్చి, చీల్చిన పచ్చిమిర్చి, సన్నగా తరిగిన అల్లం, చివర ఇంగువ, మరికొంచెం కరివేపాకు. పొయ్యి కట్టేశాక అర చెంచా పసుపు వేయండి. ఆ వేడి నూనె చాలు, పసుపు పచ్చివాసన పోతుంది, మాడదు. ఈ తాలింపును అన్నం మీద పోసి కలపండి.

ఇప్పుడు ఆగాలి. పళ్లెం మీద అరచేయి పెట్టి చూడండి. ఆవిరి తగలకుండా, అన్నం గోరువెచ్చగా ఉంటే రసం కలపవచ్చు. రెండు మధ్యస్థం కాయల రసంలో చెంచాడు ఉప్పు పూర్తిగా కరిగించి, అన్నమంతటా చిలకరించి, మెతుకు విరగకుండా కింది నుంచి పైకి తిరగేయండి. ఉప్పు విడిగా చల్లితే ఒక ముద్ద ఉప్పగా, ఒక ముద్ద చప్పగా వస్తుంది. కలపగానే రుచి చూస్తే పులుపు ఒక పిసరు ఎక్కువగా అనిపించాలి. అరగంటలో అన్నం పులుపును పీల్చుకుని సరిగ్గా సర్దుకుంటుంది. చింతపండు పులిహోర అలవాటున్నవాళ్లు ఆ చేతివాటంతో నిమ్మరసాన్నీ బాణలిలో పోస్తుంటారు. చింతపండు గుజ్జుకు నూనెలో ఉడకడమే మేలు, నిమ్మరసానికి అది సరిపడదు.

కలాకండ్‌లో పద్ధతి తిరగబడుతుంది. అక్కడ మనకు కావలసింది నిమ్మ వాసన కాదు, దాని ఆమ్లం. వేడి పాలకు ఆమ్లం తగిలితే వాటిలోని మాంసకృత్తులు గుమిగూడి పలుకులవుతాయి. రసం ఒక్కసారిగా పోస్తే గట్టి ముద్దలు, కొంచెం కొంచెంగా పోస్తే రవ్వలాంటి పలుకు. ఈ వంట నేర్పంతా ఆ తేడాలోనే ఉంది.

లీటరు చిక్కటి గేదె పాలను అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో కలుపుతూ సగానికి మరిగించండి. అల్యూమినియం గిన్నె, కళాయి లేని ఇత్తడి గిన్నె వద్దు, పులుపు వాటిని తింటుంది. ఒక పెద్ద చెంచా రసంలో అంతే నీళ్లు కలిపి ఉంచుకోండి. సెగ బాగా తగ్గించి, అందులోంచి అర చెంచా మాత్రమే పాలలో వేసి, కలిపి, అర నిమిషం చూడండి. గరిటెను పైకెత్తి వంచితే దాని వెనుక సన్నటి రేణువులు అంటుకుని కనిపించాలి. కనిపించకపోతే ఇంకో అర చెంచా. కనిపించిన క్షణమే ఆపేయండి, గిన్నెలో రసం మిగిలినా సరే. రేణువుల చుట్టూ ఉన్న నీరు ఇంకా పాలరంగులోనే ఉండాలి. అది తేటపడి పచ్చటి ఛాయ తిరిగిందంటే పాలు పూర్తిగా విరిగినట్టు. అప్పుడు వడకట్టి పనీరుగా వాడుకోండి, కలాకండ్ మరో రోజు చేసుకోవచ్చు.

తడి దాదాపు ఇగిరాక వంద గ్రాముల చక్కెర వేయండి. ముందే వేస్తే మళ్లీ పలుచనై ఇగరడానికి చాలాసేపు పడుతుంది. మిశ్రమం గిన్నె అంచులు వదిలి దగ్గరపడగానే చెంచాడు నెయ్యి, యాలకుల పొడి కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో వేలెడు మందాన పరవండి. నాలుగైదు గంటలు కదపకుండా ఉంచితే ముక్కలు కోయవచ్చు.

ఇదే తీరున పప్పు సంగతీ చూసుకోండి. పులుపు పడితే కందిపప్పు మెత్తబడదు, కాబట్టి నిమ్మకాయ పప్పులో రసం పప్పు ఉడికి, దించి, పొగలు తగ్గాకే. గులాబ్‌జామ్ పాకం మాత్రం కలాకండ్ వరుసలోది. ఉడికే పాకంలో నాలుగు చుక్కలు వేస్తే చక్కెరలో కొంత భాగం గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయి, పాకం చల్లారాక తిరిగి పలుకు కట్టదు.

అభ్యాసానికి: రెండు గ్లాసుల నీళ్లు తీసుకోండి. ఒక గ్లాసు నీళ్లలో చెంచాడు రసం వేసి ఐదు నిమిషాలు మరిగించి చల్లార్చండి. రెండో దానిలో రసం అలాగే కలపండి. కళ్లు మూసుకుని రెండూ రుచి చూడండి, నాలుక వెనుక తగిలే తేడాను గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాతే పులిహోర మొదలుపెట్టండి.

వచ్చే పాఠం నిమ్మకాయ ఊరగాయ. దానికి పసుపురంగు తిరిగిన, మచ్చలేని కాయలు పాతిక కావాలి. ముందురోజే కడిగి, గుడ్డతో తుడిచి, తొడిమ దగ్గర కూడా తడి లేకుండా ఆరబెట్టి ఉంచండి.