మిషన్ రంపంతో చెట్టును క్షేమంగా పడగొట్టడం ఎలా?

చెట్టు కొట్టేటప్పుడు మనిషిని కాపాడేది కోయకుండా వదిలిన కాస్త చెక్కే. దాన్ని బందు అందాం. తలుపు తన బందు మీద తిరిగినట్టే, మాను కూడా ఆ చెక్క మీద ఒరిగి మనం అనుకున్న వైపుకు వాలుతుంది. తొందరలో దాన్ని కూడా కోసేస్తే ఇక చెట్టు దాని ఇష్టం.

పొలం గట్టు మీద నిటారుగా పెరిగిన, అడుగు మందం (30 సెం.మీ.) ఉన్న జామాయిల్ చెట్టును ఉదాహరణగా తీసుకుందాం. ఇంతకంటే లావైనవి, బాగా వాలినవి, లోపల డొల్ల పడినవి అయితే అనుభవం ఉన్నవాళ్లకే వదిలేయండి. వాలిన చెట్టు కోత సగంలో ఉండగానే నిలువునా చీలి, వెనకున్న మనిషిని తన్నగలదు. పక్కన కరెంటు తీగలుంటే లైన్‌మన్‌తో మాట్లాడకుండా మిషన్ ముట్టుకోవద్దు.

ముందు అనుమతి

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా చట్టం ఉంది. సొంత పొలంలోని చెట్టుకైనా అనుమతి కావాల్సి రావచ్చు. మీ చెట్టు సంగతి అటవీ శాఖ ఆఫీసులో ముందే అడగండి.

ఒంటి మీద ఏముండాలి?

లుంగీ కట్టుకుని, హవాయి చెప్పులతో మిషన్ పట్టుకున్న వాళ్లను చూస్తే నాకు గుండె జారిపోతుంది. హెల్మెట్, కళ్లకు అద్దాలు, చెవులకు మఫ్‌లు, గట్టి బూట్లు, గొలుసును ఆపే ప్రత్యేకమైన ప్యాంటు ఉండాలి. కండువా, వేలాడే చొక్కా వద్దు. ఒంటరిగా పని మొదలుపెట్టొద్దు.

చెట్టును చదవండి

నాలుగు వైపుల నుంచీ చూడండి. కొమ్మల బరువు ఎటుంది, గాలి ఎటు వీస్తోంది, పైన విరిగి వేలాడుతున్న కొమ్మ ఏదైనా ఉందా? చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలోపు మీరు తప్ప ఎవరూ ఉండకూడదు. అంటే 15 మీటర్ల చెట్టుకు 30 మీటర్లు.

తర్వాత మీరు తప్పుకునే దారి చూసుకోండి. చెట్టు పడే వైపుకు సరిగ్గా వెనక నిలబడితే మొదలు ఎగిరి గుండెల మీదికి రావచ్చు. అందుకే వెనక్కి, పక్కకి ఏటవాలుగా రెండు దారులు ఎంచుకుని రాళ్లు, తుప్పలు తీసేయండి.

మిషన్ స్టార్ట్ చేయడం

నూనె కలిపిన పెట్రోలును ఇంజను ఆపి, చల్లారాకే పోయండి. పోసిన చోటుకు కనీసం మూడు మీటర్ల దూరం జరిగి స్టార్ట్ చేయండి. మిషన్‌ను నేల మీద పెట్టి, చైన్ బ్రేకు వేసి, వెనక హ్యాండిల్‌ను కాలితో తొక్కిపెట్టి తాడు లాగాలి. కోసేటప్పుడు రెండు చేతులూ మిషన్ మీదే ఉండాలి, ఎడమ బొటనవేలు హ్యాండిల్ చుట్టూ బిగిసి ఉండాలి. గొలుసు తిరిగే పొడవాటి పలకను బారు అంటారు. దాని కొన పైభాగం దేనికైనా తగిలితే మిషన్ ఒక్కసారిగా ముఖం మీదికి ఎగురుతుంది. భుజం కంటే పైకెత్తి ఎప్పుడూ కోయవద్దు.

ముందు గాటు

చెట్టు పడాల్సిన వైపు, నడుము కంటే కిందుగా వేయాలి. ముందు పైనుంచి 45 డిగ్రీల ఏటవాలు కోత, తర్వాత కిందనుంచి అడ్డంగా కోత. రెండూ ఒకే గీత మీద కలిసి, పుచ్చకాయ ముక్కలాంటి చెక్క ఊడిరావాలి. లోతు మాను మందంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు చాలు. మన చెట్టుకు 6 నుంచి 7 సెం.మీ. ఒక కోత రెండోదాన్ని దాటిపోతే అక్కడే బందు బలహీనమవుతుంది.

వెనక కోత

అసలు జాగ్రత్త ఇక్కడ. గాటు అడుగు మట్టం కంటే 3 నుంచి 5 సెం.మీ. పైన, అడ్డంగా కోయడం మొదలుపెట్టండి. ఆ మెట్టు ఉంటే పడేటప్పుడు మాను వెనక్కి జారదు. బారు లోపలికి కాస్త దిగాక, దాని వెనక ప్లాస్టిక్ వెడ్జ్ (చీల) దిగగొట్టండి. లేకపోతే చెట్టు వెనక్కి కూర్చుని రంపాన్ని పట్టేస్తుంది. ఇనుప వెడ్జ్ వద్దు, గొలుసుకు తగులుతుంది.

బందు మందం మానులో పదో వంతు ఉండాలి, అంటే ఇక్కడ 3 సెం.మీ. రెండు చివర్లా సమానంగా వదలండి. అక్కడికి రాగానే కోత ఆపేయండి. చెట్టు ఇంకా కదలకపోతే వెడ్జ్‌ను మరికాస్త కొట్టండి. బందును సన్నం చేయాలన్న ఆశ పుట్టేది ఈ క్షణంలోనే, అది అస్సలు వద్దు.

మాను కదలగానే బ్రేకు వేసి, ముందే చూసుకున్న దారిలో ఐదు మీటర్లు దూరం జరగండి. కళ్లు పైకే ఉండాలి. పక్క చెట్లలో విరిగిన కొమ్మలు కాస్త ఆలస్యంగా రాలుతాయి. చెట్టు మరోదానికి చిక్కుకుంటే దాని కిందికి వెళ్లవద్దు. చెట్టు పొడవును మించిన తాడు కట్టి, ట్రాక్టరుతో లాగించాలి.

తుపానుకు కూలిన చెట్లు

2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖలో, 2018లో తిత్లీ తర్వాత ఉద్దానంలో ఇవే దారి నిండా. నేల మీద ఉన్నాయి కదా అని ధీమా పడకండి. వంగిన మానులో విల్లులో ఉన్నట్టు బిగువు దాగి ఉంటుంది. రెండు చివర్లూ ఆని, నడుమ గాల్లో ఉంటే పైన కొద్దిగా కోసి, మిగతాది కిందనుంచి పూర్తిచేయాలి. వేళ్లతో పెకలిన చెట్టుకు మాను కోయగానే మొద్దు మళ్లీ లేచి గోతిలో కూర్చోవచ్చు. కాబట్టి కోత మొదలుపెట్టేముందు ఆ గోతిలో, దాని వెనకాల పిల్లలెవరూ లేరని మీరే వెళ్లి చూసిరండి.