కంట్రోల్ చార్ట్ మీద యాస్టా 2: ఒక యుద్ధ స్క్వాడ్రన్ చరిత్రను గీసుకునే పద్ధతి

మొదటి ప్రపంచ యుద్ధం విమానాల మాట ఎత్తితే చాలు, ఎర్ర విమానం, జర్మన్ పైలట్ రిక్తోఫెన్, 80 విమానాలు కూల్చాడు అంటారు. కథ అక్కడితో సరి. అనంతపురంలో డిగ్రీ చదివే మా తమ్ముడి కొడుకూ అంతే. "పెదనాయనా, ఆయన చేరిన జర్మన్ వేట విమానాల దళం, యాస్టా 2 అనే స్క్వాడ్రన్ మీద ప్రాజెక్ట్ రాయాలి, తల తోక తెలియడం లేదు" అంటూ గుంతకల్లు వచ్చి కూర్చున్నాడు. నోట్సు నిండా ఎవరు ఎన్ని కూల్చారన్న అంకెలే, క్రికెట్ స్కోర్ మాదిరి. నేను రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా చేసి రిటైరైన మనిషిని. ఏది అర్థం కావాలన్నా చార్ట్ గీయడమే నాకు తెలిసిన విద్య. వాడికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నా.

కంట్రోల్ చార్ట్ చూడనివాళ్లకు ఒక మాట. అడ్డంగా టైము, నిలువుగా స్టేషన్లు, బండికొక గీత. రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో అక్కడ క్రాసింగ్. గుత్తి నుంచి ధర్మవరం దాకా రాత్రంతా ఏం జరిగిందో ఆ కాగితం చూస్తే తెలిసిపోయేది. స్క్వాడ్రన్‌కైతే అడ్డంగా తేదీలు వేయండి, నిలువుగా మనుషుల పేర్లు రాయండి. పెద్ద డ్రాయింగ్ షీట్ తీసుకుని మధ్యలో ఒక లావు గీత గీయండి. అది యుద్ధరేఖ. పైసగం జర్మన్లది, కిందిసగం ఇంగ్లీషువాళ్లది. కింద సగం ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ, అందుకే వాళ్ల చరిత్ర ఒంటి చేతి చప్పట్లు అవుతుంది. అంతా పెన్సిల్‌తోనే గీయండి, ఇంకు చివర్లో. పలుచని షీటు వద్దు, నాలుగుసార్లు రబ్బరు పెడితే చిరుగుతుంది.

యుద్ధం మొత్తాన్ని ఒకే షీటులో ఇరికించొద్దు. మొదటి షీటుకు 1916 ఆగస్టు నుంచి 1917 జనవరి దాకా చాలు.

ఎడమ అంచున ఆ స్క్వాడ్రన్ ఎందుకు పుట్టిందో రెండు ముక్కల్లో రాయండి. 1916 జులై 1న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదలైంది, అక్కడి ఆకాశంలో ఇంగ్లీషు, ఫ్రెంచి విమానాలదే పైచేయి. అక్కడొకటి ఇక్కడొకటిగా తిరుగుతున్న ఒంటి సీటు విమానాలను ఒక గుంపు చేసి, వేటకోసమే స్క్వాడ్రన్లు పెట్టాలని జర్మన్లు తీర్మానించారు. యాస్టా 2 అలా పుట్టింది. నాయకుడు ఓస్వాల్డ్ బోల్కె, అప్పటికి పాతికేళ్ల వయసు. జూన్ 18న ఇంకో పేరున్న జర్మన్ పైలట్ ఇమ్మెల్‌మన్ చనిపోయాక, ఈయన కూడా పోతే ఎట్లా అన్న టెన్షన్‌తో పైవాళ్లు ఆయన్ను యుద్ధం నుంచి తప్పించి తూర్పు దేశాల పర్యటనకు పంపారు. సోమ్‌లో పరిస్థితి చేయి దాటుతుంటే మళ్లీ పిలిచారు. ఆ పర్యటనలోనే తూర్పు యుద్ధరంగంలో కోవెల్ దగ్గర ఇద్దరిని ఏరుకున్నాడు. ఒకరు రిక్తోఫెన్. రెండోవాడు ఎర్విన్ బోమె, అప్పటికే 37 ఏళ్లు, యుద్ధానికి ముందు తూర్పు ఆఫ్రికాలో రోప్‌వే కట్టించిన మనిషి. ఈ పేరు మీద చిన్న గుర్తు పెట్టుకోండి.

తర్వాత ఒక్క రోజును తీసుకుని నిదానంగా గీయండి. 1916 సెప్టెంబర్ 17 తీసుకోమంటాను, నాకు ఇష్టం కూడా, ఎందుకంటే దాని నడిమధ్య ఒక రైల్వే స్టేషన్ ఉంది. కాంబ్రే దగ్గర మార్క్వాన్ స్టేషన్ మీద బాంబులు వేయడానికి ఇంగ్లీషు 12వ స్క్వాడ్రన్ బయల్దేరింది, తోడుగా 11వ స్క్వాడ్రన్ ఎఫ్‌ఈ2బి విమానాలు వచ్చాయి. యాస్టా 2కు కొత్త ఆల్‌బట్రాస్ విమానాలు ముందురోజే అందాయి, ఒక్కో దానికి రెండు మెషిన్‌గన్లు. ఆ పొద్దు రిక్తోఫెన్‌కు మొదటి విజయం, అంటే కూల్చిన మొదటి విమానం. బోమెకు ఈ స్క్వాడ్రన్‌లో మొదటిది. రిక్తోఫెన్ కూల్చిన విమానంలో ఉన్నది మోరిస్, రీస్ అనే ఇద్దరు. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సమాధుల జాబితా ఉచితంగా దొరుకుతుంది. అందులో వెతకండి. రీస్ సమాధి విలేర్ ప్లుయిష్‌లో ఉంది, మోరిస్‌ది కాంబ్రేలో. ఒకే విమానంలో ఉన్నవాళ్లు రెండు ఊళ్లలో ఎందుకున్నారు? రీస్ అక్కడికక్కడే పోయాడు, మోరిస్‌ను కొనప్రాణంతో ఆసుపత్రికి మోసుకెళ్లారు. స్కోర్ జాబితాలో ఇదంతా "1" అన్న అంకె.

ఇక టైము సంగతి. నా ఉద్యోగమంతా దానితోనే కాబట్టి కాస్త గట్టిగా చెప్తున్నా. ఆ సెప్టెంబర్‌లో జర్మన్ గడియారం ఇంగ్లీషు గడియారం కంటే గంట ముందుండేది. జర్మన్ రిపోర్టులో 11 గంటలంటే ఇంగ్లీషు కాగితాల్లో 10 దగ్గర వెతకాలి. ఎప్పుడూ గంటేనా అంటే కాదు. వేసవి టైము మార్చే తేదీలు రెండు పక్కలా వేరు కాబట్టి 1917 ఏప్రిల్‌లో కొన్నాళ్లు రెండు గడియారాలూ ఒకటే, 16 తర్వాత మళ్లీ గంట తేడా. షీటు పైన జర్మన్ టైము, కింద ఇంగ్లీషు టైము రెండు వరసలుగా రాసుకుంటే ఏ గొడవా ఉండదు.

కూల్చామని చెప్పుకున్న ప్రతిదాన్నీ ఇంకుతో రాయకండి. రెండోవైపు కాగితంలో నష్టం కనిపిస్తేనే ఇంకు, లేదంటే పెన్సిల్‌గానే ఉండనివ్వండి. ఈ విషయంలో జర్మన్లకు కొంత సౌకర్యం ఉండేది. అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది, పోరాటాలూ ఎక్కువగా జర్మన్ల నేల మీదే జరిగాయి, కూలిన విమానం వాళ్ల చేతికే దొరికేది. ఇంగ్లీషువాళ్లకు ఆ వీలు తక్కువ, అదుపు తప్పి కిందికి పోయిందన్నదాన్ని కూడా లెక్కలో వేసుకునేవాళ్లు. అట్లని జర్మన్ కాగితాలు భద్రంగా ఉన్నాయనుకోవద్దు. పోట్స్‌డామ్‌లోని సైనిక భాండాగారం 1945 ఏప్రిల్‌లో బాంబులకు కాలిపోయింది. అంతకుముందు ఎవరో ఎత్తి రాసుకున్నవి, ఉత్తరాలు, రిపోర్టులు, ఇవే దిక్కు. ఇంగ్లీషు కాగితాలు లండన్‌లోని క్యూ భాండాగారంలో ఉన్నాయి.

ఇప్పుడు కిందిసగంలో 24వ స్క్వాడ్రన్‌కు ఒక గీత వేయండి. నాయకుడు లానో హాకర్, విమానం డీహెచ్2. చార్ట్ అసలు పని ఇక్కడ మొదలవుతుంది. అక్టోబర్ 28న ఆ స్క్వాడ్రన్ విమానాలు రెండింటితో పోరాటం. బోల్కె, బోమె ఇద్దరూ ఒకదాని వెంటే పడ్డారు. అడ్డంగా ఇంకో విమానం దూసుకొచ్చింది, తప్పించుకోబోతుంటే బోమె చక్రాల అడుగుభాగం బోల్కె పై రెక్కకు తగిలింది. బోల్కె అక్కడే పోయాడు, అప్పటికి 40 విజయాలు. పోరాటానికి ఎనిమిది సూత్రాలు రాసి అందరికీ నేర్పినవాడు ఆయనే. ఒకే శత్రువు మీదికి మనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఎగబడొద్దు అన్నది అందులో ఎనిమిదోది. సూత్రాలను విడిగా బట్టీ పట్టినవాడికి ఇది కనపడదు. వాటిని ఆ తేదీ పక్కన రాసుకుంటే కనపడుతుంది.

నవంబర్ 22న యాస్టా 2 కొత్త నాయకుడు కిర్మయర్‌ను కూల్చింది మళ్లీ 24వ స్క్వాడ్రనే. మర్నాడు, 23న, రిక్తోఫెన్ చేతిలో హాకర్ పోయాడు. మూడు క్రాసింగులూ బాపోమ్ అనే ఊరి చుట్టుపక్కలే. మావాడు ఈ మూడు గీతలూ చూసి "ఏం పెదనాయనా, ఇది రెండు ఊళ్ల కక్షలాగుందే" అన్నాడు. కడప, కర్నూలు పిల్లలకు ఇంకేం తోస్తుంది! కక్ష కాదప్పా, ఒకే ముక్క ఆకాశంలో డ్యూటీ పడ్డవాళ్లు.

రెండో షీటులో నాయకుల పేర్లు మాత్రమే గీయండి, ఒకరి కింద ఒకరు. 1916 డిసెంబర్‌లో స్క్వాడ్రన్‌కు బోల్కె పేరే పెట్టారు. వాల్ట్స్, బెర్నెర్ట్ తర్వాత 1917 ఆగస్టులో ఆ కుర్చీలోకి వచ్చింది ఎవరో కాదు, గుర్తు పెట్టుకోమన్న బోమె. ఆయన నవంబర్ 29న పోయాడు. తర్వాత బ్యూలో 1918 జనవరి 6న, ఆయన చోటుకు వచ్చిన మ్యులర్ జనవరి 9న. ఆరు వారాల్లో మూడు గీతలు తెగిపోయాయి. ఫిబ్రవరిలో వచ్చిన కార్ల్ బోలె గీత ఒక్కటే యుద్ధం అయిపోయేదాకా నడుస్తుంది. ఈ షీటుకు గంట కూడా పట్టదు.

చేయి తిరిగాక మనవాడి మీద ప్రయత్నించండి. కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్, ఇంగ్లీషు 40వ స్క్వాడ్రన్ పైలట్. 1918 జులైలో రెండు వారాల్లోనే 10 విజయాలు, 22న మరణం, అప్పటికి 19 ఏళ్లు. పైసగంలో యాస్టా 29 వేయండి, కింద 40. ఆ జులైలోనూ గడియారాల మధ్య గంట తేడా ఉంది, మర్చిపోవద్దు.